చెరువు అడుగున నల్లమట్టి, సముద్రం అడుగున నల్లపొగ: మీ పాపను ఏం చదివించాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఆరెకరాల్లో రొయ్యల చెరువులు చేస్తున్నాను. మా పాప సీనియర్ ఇంటర్ బైపీసీ, మార్కులు బాగానే వస్తాయి. నీట్ రాయమంటే రాస్తానంటుంది గానీ, మనసంతా సముద్రం అడుగున ఉండే వేడినీటి ఊటల మీద, అక్కడ బతికే జీవుల మీదే ఉంది. అదే చదువుతానంటోంది. సీటు రాకపోతే లాంగ్ టర్మ్ పెట్టిద్దామని మేము, వద్దని పాప. రెండు నెలలుగా ఇంట్లో ఇదే గొడవ. అసలు అలాంటి చదువు ఉందా? ఉంటే అన్నం పెడుతుందా? వాళ్ళమ్మకైతే ఆడపిల్లను సముద్రం మీదికి పంపాలా అని టెన్షన్.

జవాబు: అన్నగారూ, పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టేటప్పుడు మధ్యలో నల్లమట్టి తేలుతుంది కదా. పారతో ఒక పెళ్ళ తిరగేస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. తినగా మిగిలిన మేత, రొయ్యల వ్యర్థాలు అడుగున చేరి, అక్కడ ఆక్సిజన్ అందక, ఒక రకం బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ తయారు చేస్తుంది. ఆ గ్యాస్ మట్టిలోని ఇనుముతో కలిస్తే వచ్చేదే ఆ నలుపు. రొయ్యకు ఆ గ్యాస్ విషం. మీరు నిద్ర మానుకుని ఏరియేటర్లు తిప్పేది, ప్రోబయాటిక్ చల్లేది కొంతవరకు దాని భయంతోనే.

మీ పాప మనసు పడ్డ చోట ఆ విషమే తిండి.

సముద్రం అడుగున నేల పగుళ్ళిచ్చిన చోట్ల నీళ్ళు లోపలికి ఇంకిపోతాయి. కింద శిలాద్రవం వేడికి కాగి, రాళ్ళలోని ఇనుము, రాగి, జింకు, గంధకం కరిగించుకుని మళ్ళీ పైకి తన్నుకొస్తాయి. వేడి 350 డిగ్రీలు దాటినా ఆ నీళ్ళు ఆవిరి కావు. పైన రెండు, మూడు కిలోమీటర్ల నీటి బరువు నొక్కి పెడుతుంది, మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే. బయటి నీళ్ళు రెండు డిగ్రీల చలిలో ఉంటాయి. ఈ రెండూ కలిసిన క్షణంలో కరిగి ఉన్న లోహాలు గంధకంతో కలిసి నల్లటి పొడిగా విడిపోతాయి. చూస్తే ఇటుకల బట్టీ గొట్టంలోంచి పొగ వచ్చినట్టే ఉంటుంది. అందులో పెద్ద పాలు మీ చెరువు మట్టిలో ఉన్న ఇనుము, గంధకమే. కాకపోతే చెరువులో ఆ గ్యాస్‌ను బ్యాక్టీరియా చేస్తుంది, అక్కడ కాగిన రాయి, నీళ్ళు కలిసి చేస్తాయి.

1977 ఫిబ్రవరిలో గాలపగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దాదాపు 2,500 మీటర్ల లోతుకు దిగినవాళ్ళు రాళ్ళ గురించి, నీటి రసాయనాల గురించి చదువుకున్నవాళ్ళు. జీవులు ఉంటాయని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఆ యాత్రలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. తీరా చూస్తే సూర్యుడి వెలుతురు చొరబడని ఆ చీకట్లో ఆల్చిప్పలు, పీతలు, మనిషి ఎత్తుకు మించిన ఎర్రటి గొట్టపు పురుగులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆ పురుగుకు నోరు లేదు, పేగు లేదు. మరి ఏం తిని బతుకుతోంది?

దీనికి జవాబు పట్టుకున్నది ఒక విద్యార్థిని. 1980లో హార్వర్డ్‌లో అప్పుడే పరిశోధనలో చేరిన కొలీన్ కావనా ఒక ఉపన్యాసానికి వెళ్ళింది. ఆ పురుగు ఒంట్లో గంధకం స్ఫటికాలు కనిపించాయని వక్త చెప్పగానే లేచి, అయితే లోపల గంధకాన్ని వాడుకుని ఆహారం తయారు చేసే బ్యాక్టీరియా ఉండి తీరాలి అంది. మరుసటి ఏడాదే ఆ సంగతి నిరూపించి ప్రచురించింది. ఎండతో పనిలేకుండా రసాయనాల శక్తితోనే ఒక ఊరంత జీవరాశి బతకగలదని లోకానికి తెలిసింది. మీ పాపకు ఈ సంగతి ఇప్పటికే తెలిసి ఉంటుంది. మీకు తెలియాలని చెప్తున్నాను, ఎందుకంటే ఇంట్లో మీరు దాన్ని యూట్యూబ్ పిచ్చి అంటున్నారేమోనని నా అనుమానం. పిల్ల ఏం చూసి ముచ్చటపడిందో మీకూ తెలిస్తే గొడవ సగం తగ్గుతుంది.

అక్కడా రొయ్యలు ఉన్నాయి. అట్లాంటిక్ ఊటల దగ్గర రిమికారిస్ అనే రకం చదరపు మీటరుకు రెండు వేలకు పైగా మూగి ఉంటాయి. మీరు వనామీ రొయ్యను మీటరుకు అరవై వేయడానికే వెనకాముందు ఆడతారు కదా! వాటికి మామూలు కళ్ళుండవు. తల పక్కన మొప్పల గదిలో బ్యాక్టీరియాను తామే పెంచుకుని, దాని మీదే బతుకుతాయి. వీటి దగ్గరి బంధువులు మన హిందూ మహాసముద్రంలోనే, సెంట్రల్ ఇండియన్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీద 2000లో కనుక్కున్న కైరీ ఊటల దగ్గర ఉన్నాయి. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు, చెన్నైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), గోవాలోని ఎన్‌సీపీఓఆర్ (జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం) వాళ్ళు, ఈ హిందూ మహాసముద్రంలోనే 4,500 మీటర్ల లోతులో మరుగుతున్న ఊటను మనిషి లేని యంత్రంతో ఫొటో తీశారు. ఆరు కిలోమీటర్ల లోతుకు ముగ్గురిని దింపే మత్స్య 6000 జలాంతర్గామిని తయారు చేస్తున్నదీ ఆ ఎన్‌ఐఓటీనే. మన తీరంలోనే పామంజి దగ్గర ఆ సంస్థకు పరిశోధన కేంద్రం ఉంది. ఇదెక్కడో అమెరికా వాళ్ళ చదువు అనుకోకండి.

ఇప్పుడు అన్నం సంగతి. మీరు సీడు (రొయ్య పిల్లలు) దింపేముందు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేయిస్తారు, రిపోర్టు వచ్చేదాకా ఆగుతారు. ఆ పరీక్షలో నమూనాను పదేపదే 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. డీఎన్‌ఏకు నకళ్ళు తీసే మామూలు ఎంజైమ్ ఆ వేడికి ఉడికిపోతుంది. ఉడకని ఎంజైమ్ దొరికింది థర్మస్ ఆక్వాటికస్ అనే బ్యాక్టీరియాలో. అమెరికాలో యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లోంచి దాన్ని 1960లలో థామస్ బ్రాక్ పట్టుకొచ్చాడు. ఇంత వేడిలో ఏం బతుకుతుందో చూద్దామన్న కుతూహలమే తప్ప, దాంతో వ్యాపారం జరుగుతుందని ఆయన అనుకోలేదు. పీసీఆర్‌కు 1993లో నోబెల్ వచ్చింది. కోవిడ్‌లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన టెస్టూ ఆ పద్ధతే. అంటే మీరు ప్రతి పంటకూ వేడినీటి బ్యాక్టీరియా చదువుకు డబ్బు కడుతూనే ఉన్నారు.

అయితే ఉన్నమాట చెప్పాలి. సముద్రపు వేడి ఊటల మీద మాత్రమే పనిచేసే ఉద్యోగాలు దేశంలో చాలా తక్కువ. ఆ ఒక్క పేరు పట్టుకుని కోర్సు వెతికితే దొరకదు, దొరికినా నేను చేర్చమనను. పాప గట్టిగా పట్టుకోవాల్సింది పునాది సబ్జెక్టు: మైక్రోబయాలజీయో, బయోకెమిస్ట్రీయో, జియాలజీయో. ఊటల మీద పని పీహెచ్‌డీ దగ్గర మొదలవుతుంది. ఈలోపు మనసు మారినా, అదే పునాదితో వ్యాక్సిన్ కంపెనీలున్నాయి, ఎంజైమ్ కంపెనీలున్నాయి, మన జిల్లాలోనే రొయ్యల ల్యాబులు, హేచరీలు, ప్రోబయాటిక్ తయారీ ఉన్నాయి.

నా మొదటి సలహా ఐసర్, అంటే సైన్సు చదువుకు, పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ. తిరుపతిలోనే ఉంది, మీకు రెండు మూడు గంటల దారి. ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్. ప్రవేశానికి ఐఏటీ అనే పరీక్ష రాయాలి: బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు, తలా 15 ప్రశ్నలు. బైపీసీ పిల్లలు లెక్కలు చూసి భయపడి అప్లికేషనే వేయరు, అది పొరపాటు. మిగతా మూడూ నీట్ కోసం ఎలాగూ చదువుతోంది. లెక్కలకు రోజుకో గంట ఇస్తే కొన్నైనా చేయగలదు.

రెండోది ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్‌ఎస్‌సీ, ఈఏపీసెట్ ర్యాంకు మీద వస్తుంది. ఇంటికి దగ్గర, ఉద్యోగం త్వరగా దొరికే దారి, కానీ ఊటల వైపు వెళ్ళాలంటే తర్వాత మలుపు తిరగాలి. మూడోది మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలో బీఎస్సీ, ఆపైన పీజీకి గోవా, కొచ్చిన్, ఆంధ్రా యూనివర్సిటీ. కాకుటూరులో విక్రమ సింహపురిలోనూ మెరైన్ బయాలజీ ఉంది.

దారి పొడుగే. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి పాపకు ఇరవై ఏడో, ఎనిమిదో వస్తాయి. కాకపోతే నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థి ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు, నెలకు 37,000 ఫెలోషిప్ వాళ్ళే ఇస్తారు. ప్రభుత్వ సంస్థలో సైంటిస్ట్-బీగా చేరితే మూలవేతనం 56,100 నుంచి మొదలు. చెరువు ఒక్క పంట పోతే ఎంత పోతుందో మీకు తెలుసు. ఆ లెక్కతో చూసుకోండి.

నీట్ ఈసారికి రాయనివ్వండి, చదివింది వృథా కాదు. లాంగ్ టర్మ్ మాత్రం వద్దు. మనసు లేని పిల్లను నేనొకసారి తల్లిదండ్రుల మాట మీద లాంగ్ టర్మ్‌కు ఒప్పించాను. రెండేళ్ళు పోయాయి, సీటు రాలేదు, ఆ అమ్మాయి ఇష్టపడ్డ కెమిస్ట్రీ మీద కూడా విరక్తి పుట్టింది. ఆ తప్పు నాకు ఇంకా గుర్తుంది.

అమ్మగారికి ఒక మాట. ఈ పనిలో ఎక్కువ భాగం ల్యాబులోనే జరుగుతుంది. ఓడ మీదికి వెళ్ళేది అప్పుడప్పుడు, కొన్ని వారాలకు, బృందంతో. ఆడవాళ్ళు చాలాకాలంగా వెళ్తూనే ఉన్నారు.

ఇక ఇప్పుడు చేయదగ్గ పని ఒకటుంది. ఈసారి సీడు టెస్టుకు వెళ్ళేటప్పుడు పాపను వెంటబెట్టుకెళ్ళండి, మిషన్ దగ్గర పది నిమిషాలు నిలబడనివ్వండి. ఎండల్లో ఇసకపల్లి ఉప్పు మడుల వైపూ తీసుకెళ్ళండి. ఉప్పు కట్టే ముందు మడిలో నీళ్ళు గులాబీ రంగు తేలతాయి. అంత ఉప్పులో మరేదీ బతకని చోట హాయిగా బతికే సూక్ష్మజీవుల రంగు అది. ఒక సీసాలో ఆ నీళ్ళు, ఇంకో సీసాలో మన చెరువు నల్లమట్టి పట్టి కాలేజీలో జువాలజీ మేడమ్‌కు చూపించమనండి. మైక్రోస్కోపు కింద ఏం కనిపించిందో నోట్‌బుక్‌లో రాసుకుంటే, ఆ నోట్‌బుక్ పట్టుకుని ముగ్గురూ ఒకసారి నా దగ్గరికి రండి. ఆ రోజు మీరిద్దరూ కాసేపు ఊరుకుని, పాపనే మాట్లాడనివ్వండి.