'ప్రతులకు' అని అచ్చువేసిన ఆ మూడు వరుసల గురించి

కడప.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మొదటి కథల సంపుటి అందింది. కథల గురించి మరో ఉత్తరంలో తీరిగ్గా రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం 'ప్రతులకు' అన్న మాట కింద నువ్వు అచ్చువేయించిన మూడు వరుసల కోసమే రాస్తున్నాను. అక్కడ డోరు నంబరుతో సహా ఇంటి చిరునామా ఉంది, సెల్ నంబరు ఉంది, ఆ నంబరుకే ఫోన్‌పే చేయవచ్చన్న సూచన కూడా ఉంది. పైగా ఆ పేజీని ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టావు.

ఇది మా తరం నేర్పిన అలవాటే. పత్రికలో కథ కింద నంబరు చూసి ముఖపరిచయం లేని పాఠకుడెవరో పొద్దున్నే ఫోను చేస్తే మాకు ఆ రోజంతా పండుగగా ఉండేది. అయితే అప్పటి ఫోను మాట్లాడటానికే పనికివచ్చేది; ఇప్పుడు బ్యాంకు, ఆధార్, వాట్సాప్, పాస్‌వర్డు మార్చడానికి వచ్చే ఓటీపీ, అన్నీ ఆ ఒక్క నంబరు మీదే నడుస్తున్నాయి. వచ్చినవారిని పడసాలలో కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాము గాని, బీరువా ఉన్న గదిలోకి తీసుకుపోము కదా.

అచ్చయిన నంబరును వెనక్కి తీసుకోలేము. కాబట్టి దానిని పాఠకులకే వదిలిపెట్టి, జీతం పడే ఖాతాకూ ఇంటివారికీ ఎక్కడా ప్రకటించని కొత్త నంబరు తీసుకో. పాత నంబరుకు పుస్తకాల సొమ్ము పడే చిన్న ఖాతా ఒక్కటే ఉండనివ్వు. దానికి రీఛార్జి మాత్రం మానవద్దు. వాడకుండా వదిలిన నంబరును కొంతకాలానికి కంపెనీ మరొకరికి ఇస్తుంది, అప్పుడు నీ ఓటీపీలు వారికి పోతాయి. వాట్సాప్‌లో ఆరంకెల పిన్‌తో టూ స్టెప్ వెరిఫికేషన్ ఈరోజే పెట్టుకో.

నా అనుభవం కూడా చెబుతాను. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో జరిగిన ఒక సభలో తీసిన నా ఫొటోతో ఎవరో ఫేస్‌బుక్‌లో నా పేరున దొంగ ఖాతా తెరిచి, ఆసుపత్రి ఖర్చులకని నా మిత్రులను డబ్బు అడిగారు. అనంతపురంలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఫోను చేసి అడిగితే నేను చిన్నబుచ్చుకుంటానని అడగకుండానే పదిహేను వేలు పంపారు. నా మిత్రుల జాబితా అందరికీ కనబడేలా ఉంచడం నా తప్పు. నువ్వు నీది దాచిపెట్టు. ఆ ఉపాధ్యాయుడు వెంటనే సైబరు మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోను చేసి ఉంటే ఆ సొమ్ము చేతులు మారకముందే బ్యాంకు ఆపగలిగే అవకాశం ఉండేది. మాకు విషయం తెలిసేసరికే రెండు రోజులు గడిచాయి. ఇలా మరొకరి పేరు ధరించి కంప్యూటరు ద్వారా మోసగించడం 2000 నాటి ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం.

రచయితలకు వేసే ఎర వేరుగా ఉంటుంది, అది పొగడ్త. నీ పుస్తకం పురస్కారానికి ఎంపికైందనీ, ఈ లింకులో వివరాలు నింపమనీ, వచ్చిన ఆరంకెలు చెప్పమనీ సందేశం వస్తుంది. పురస్కారం ఇచ్చేవారికి నీ ఓటీపీతో ఏం పని?

కథ నచ్చనివారు కులాన్నీ, ఇంటి ఆడవాళ్లనూ లాగి రాస్తారు. కథపై విమర్శ అయితే ఎంత కటువుగా ఉన్నా ఉంచు, వీలైతే జవాబివ్వు. బెదిరింపు అయితే జవాబు రాయవద్దు. తేదీ, ఖాతా పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, లింకు కూడా దాచుకున్న తరువాతే బ్లాక్ చెయ్యి. కోపంలో ముందే తుడిచేస్తే పోలీసులకు చూపడానికి ఏమీ మిగలదు.

సభకు కర్నూలు వెళుతున్నట్టు రైలెక్కుతూ రాయవద్దు, తిరిగి వచ్చాక ఫొటోలు పెట్టు. పాప స్కూలు యూనిఫాంలో ఉన్న ఫొటోలు అసలే వద్దు.

ఫేస్‌బుక్‌లోని ఆ పేజీ ఫొటోను ఇప్పుడే తీసివేయి. అమ్ముడుపోని ప్రతులలో ఇంటి చిరునామా మీద పుస్తకాల దుకాణం చిరునామా చీటీ అంటించు. రెండో ముద్రణకు పంపే ముందు ఆ పేజీ నాకొకసారి చూపించు.

ఇట్లు,
మీ మామయ్య