చీటీ పాడి సైకిల్ కొననా?

ఒడిశాలోని జయపురం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

"నాకు 42 ఏళ్లు. ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. నెలకు సగటున 90,000 ఇంటికి తీసుకుంటాను. ఇల్లు సొంతం. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. మూడేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. ఆదివారం వస్తే బోయిపరిగుడ మీదుగా గుప్తేశ్వర్ వైపో, దేవమాలి వైపు ఎర్రమట్టి దారుల్లోకో వెళ్తాం. ఇప్పుడున్నది ముందు సస్పెన్షన్ ఉన్న మామూలు సైకిల్. నేను ఆరడుగుల రెండంగుళాలు, కాళ్లు పొడుగు, మొండెం పొట్టి. నలభై కిలోమీటర్లు దాటితే మెడ పట్టేస్తోంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. సస్పెన్షన్ లేకుండా నా ఒంటి కొలతలకు కట్టే టైటానియం సైకిల్ చేయించుకోవాలని కోరిక. విదేశంలో కడతారు. కొటేషన్ 4,60,000, పన్నులు అదనం. మన దేశంలోనే ఒకాయన అవే కొలతలకు స్టీల్‌తో 1,75,000కి చేస్తానన్నాడు. తోటి రైడర్లలో కొందరు టైటానియం అయితే జీవితాంతం చూసుకోనక్కర్లేదంటారు. కొందరు ఆ డబ్బుకి పెద్ద కంపెనీ కార్బన్ గ్రావెల్ బైక్, అంటే కంకర దారుల సైకిల్, వస్తుంది కదా అంటారు. మన రోడ్లకు సస్పెన్షన్ లేకపోతే నడుం విరుగుతుందని ఇంకొకరు. మా బావ షాపు పేరు మీద బిల్లు వేయించమంటున్నాడు. మా ఆవిడేమో 'రెండు బుల్లెట్లు వస్తాయి, వెనక నేనైనా కూర్చుంటాను' అంటోంది. 5 లక్షల చీటీలో తొమ్మిదో నెల నడుస్తోంది. అది పాడనా, షాపు సరుకు కోసం బ్యాంకు ఇచ్చిన సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాలోంచి తీయనా?"

ఎవరెవరు ఏమన్నారో మీరు రెండు పేజీలు రాశారు. డబ్బు లెక్క మాత్రం నాలుగు లైన్లే. అందుకని నేను వెనక నుంచి చదువుకుంటూ వచ్చాను.

ముందు మీ బావగారి మాట తేల్చేస్తాను, అది చిన్నది. సొంత వాడకానికి కొన్న వస్తువు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కట్టిన పన్నును షాపు పన్నులో తగ్గించుకోలేరు. ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగానూ చూపకూడదు. ట్రాక్టర్ క్లచ్ ప్లేట్లు అమ్మే షాపుకి టైటానియం సైకిల్ ఎందుకో ఆఫీసరుకు మీరు చెప్పలేరు. అయినా 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ ఐదు శాతం కోసం మీ ఆడిటర్‌కి టెన్షన్ పెట్టకండి.

ఇక సీసీ ఖాతా. వడ్డీ 11 శాతమని రాశారు. 4,60,000 తీసి ఏడాదిపాటు తిరిగి వేయకపోతే వడ్డీయే 50,600. అంతకంటే పెద్ద నష్టం పాసుబుక్కులో కనపడదు. మే, జూన్ నెలల్లో మీ షాపు ముందు ఎలా ఉంటుందో మీకే తెలుసు. దమ్ముకు ముందు రోటవేటర్ బ్లేడ్లు, కేజ్ వీల్స్, ఫిల్టర్ల కోసం బొరిగుమ్మ నుంచి, కోట్‌పాడ్ నుంచి రైతులు వస్తారు. ఆ నెలల్లో లిమిట్ నిండిపోయి సరుకు దించలేకపోతే, వచ్చిన రైతు పక్క షాపులోకి వెళ్తాడు. వచ్చే ఏడాది కూడా అక్కడికే వెళ్తాడు. పైగా బ్యాంకు ఆ లిమిట్ ఇచ్చింది మీ స్టాకు చూసి. ఆ డబ్బుతో సైకిల్ కొంటే దాన్ని నిధుల మళ్లింపు అంటారు. రెన్యువల్ రోజున ఈ మాట బ్రాంచి మేనేజర్ నోటి నుంచి రాకుండా ఉండటమే మంచిది.

చీటీ సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. ఇరవై అయిదు మంది, నెలకు 20,000. పోయిన నెల పాట 1,10,000 కసరుకు పోయిందన్నారు, అంటే పాడుకున్నాయన చేతికి 3,90,000 వచ్చింది. ఇప్పుడు మీరు పాడినా దాదాపు అంతే. సైకిల్‌కి 70,000 తక్కువ, పన్నులు వేరే. ఆఖరి చీటీ దాకా ఆగితే, చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 7 శాతం, అంటే 35,000 పోగా 4,65,000 వస్తుంది. తేడా 75,000. చీటీ పాడి సైకిల్ కొంటే దాని అసలు ధర 4,60,000 కాదు, 5,35,000. పాడుకున్నాక మిగిలిన పదహారు నెలలూ మీకు డివిడెండ్, అంటే కసరులో వాటా, వస్తూనే ఉంటుంది, నిజమే. కానీ అది ఆగినా వస్తుంది.

ఇంకొక సంగతి. ఆ చీటీ ముగిసేసరికి మీ పాప పది దాటుతుంది. ఇంటర్‌కి విశాఖలో హాస్టల్లో పెట్టాలనుందని మీరే ఉత్తరం చివర్లో ఒక మూల రాశారు. ఫీజు, హాస్టల్ కలిపి రెండేళ్లకు ఎంతవుతుందో కనుక్కోండి. ఆఖరి చీటీ డబ్బు దానికి సరిగ్గా సరిపోయేలా ఉంది. నా దృష్టిలో ఆ చీటీ పాపదే. దాన్ని ముట్టుకోకండి.

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం. నేను సైకిల్ మెకానిక్‌ని కాను, తొక్కడం కూడా పాలప్యాకెట్‌కి వెళ్లేంతవరకే. కానీ కొలతలు తీసి చేయించుకున్న వస్తువు ధర ఎలా పడిపోతుందో ఒకసారి అనుభవించాను. చాలా ఏళ్ల కిందట బరంపురంలో అద్దెకున్న ఇంట్లో, గోడ గూటికి సరిపోయేలా టేకు బీరువా చేయించాను. ఏడడుగుల మూడంగుళాల ఎత్తు, 38,000. ఇల్లు మారినప్పుడు అది కొత్త ఇంటి మెట్ల మలుపు తిరగలేదు. కొనడానికొచ్చినాయన టేపు తీసి పలకల మందం కొలిచాడు. తలుపుల మీది చెక్కుడు పని వైపు చూడనైనా లేదు. 9,000 చేతిలో పెట్టి విప్పుకుపోయాడు. బీరువా నాకు కావలసినట్టే ఉండేది, అందుకే ఇంకెవరికీ పనికిరాలేదు.

మీ సైకిల్ కూడా అంతే. పొడుగు కాళ్లకు, పొట్టి మొండేనికి కట్టిన ఫ్రేము కొనేవాడు దొరకాలంటే అచ్చం మీలాంటి మనిషే కావాలి. రెడీమేడ్ సైజుల్లో వచ్చే కార్బన్ బైక్‌కి ఆ విషయంలో కొంత మార్కెట్ ఉంటుంది. కాబట్టి కస్టమ్ ఫ్రేముకి ఖర్చుపెట్టే రూపాయిని పెళ్లి భోజనాల ఖర్చులా చూడాలి, ఆస్తిలో రాయకూడదు. అలా రాసుకుని కూడా మీకు నిద్రపడితే, చేయించుకోవడంలో తప్పేం లేదు. కోరికలన్నీ నరికెయ్యమని చెప్పే సలహాదారుణ్ని కాను నేను.

ఒక్క విషయంలో మాత్రం మీ పక్కనే ఉంటాను. సస్పెన్షన్ వద్దనుకోవడం డబ్బు లెక్కలో మంచి నిర్ణయం. తక్కువ ధర సైకిళ్లలో ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగ్ ఫోర్క్ రెండున్నర కిలోల దాకా తూగుతుంది, ఊగడం తప్ప పెద్దగా చేసేదీ ఉండదు. స్ప్రింగ్ బదులు గాలితో పనిచేసే మంచి ఎయిర్ ఫోర్క్ అయితే కొన్ని కంపెనీలు యాభై గంటలకోసారి విప్పి నూనె, సీళ్లు చూడమంటాయి. మీరు వారానికి ఆరేడు గంటలు తొక్కితే రెండు నెలలకోసారి అన్నమాట. ఆ పని తెలిసినవాడు జయపురంలో లేడని మీరే రాశారు. ఘాట్లు దిగి విశాఖ వెళ్లాలి, రెండు వందల కిలోమీటర్ల పైన. సస్పెన్షన్ లేని రిజిడ్ ఫోర్క్‌లో విప్పడానికే ఏమీ లేదు. నడుం విరుగుతుందన్న మిత్రుడు రాళ్ల మీద వేగంగా దిగేవాడైతే ఆయన మాట నిజమే. మట్టి, కంకర దారుల్లో మాత్రం కుదుపు చాలావరకు టైరే మింగుతుంది. 2.2 అంగుళాల టైరు ట్యూబ్‌లెస్ చేయించి, గాలి 25 పీఎస్ఐ దగ్గర పెట్టి చూడండి.

అయితే లక్షలు పెట్టే ముందు వేలల్లో తేలే పరీక్ష ఒకటుంది, మీ రైడర్లలో ఎవరూ చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం. ఇప్పుడున్న సైకిల్‌కే ముందు ఫోర్క్ తీసేసి ఒక స్టీల్ రిజిడ్ ఫోర్క్ వేయించండి. హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే స్టెమ్ పొట్టిది ఒకటి, వెడల్పు టైర్లు. అన్నీ కలిపి పదిహేను వేల లోపు చూసుకోండి. ఫోర్క్ కొనేటప్పుడు ఇరుసు నుంచి క్రౌన్ (ఫోర్క్ రెండు కాళ్లు కలిసే చోటు) దాకా పొడుగు పాతదానికి దగ్గరగా ఉండాలి. పొట్టిదైతే హ్యాండిల్ కిందికి దిగి మెడనొప్పి ఇంకా పెరుగుతుంది. అలా మూడు నెలలు గుప్తేశ్వర్ దారిలో తొక్కండి. మెడ కుదుటపడితే మీకు కావలసింది 4,60,000 సైకిల్ కాదు, రెండు వేల స్టెమ్. కుదుటపడకపోతే, మీ శరీరానికి కస్టమ్ ఫ్రేము నిజంగానే అవసరమని తేలుతుంది. అప్పుడు నేను అడ్డు చెప్పను.

అప్పుడు కూడా స్టీల్ వైపే చూడమంటాను. టైటానియం తుప్పు పట్టదు, ఆ మాటలో అబద్ధం లేదు. మంచి ట్యూబులతో కట్టిన స్టీల్ ఫ్రేముకీ దానికీ బరువు తేడా మాత్రం ఒక లీటరు నీళ్ల బాటిల్ అంత కూడా ఉండదు. ఆ తేడాకి మీరు ఇస్తున్నది 2,85,000. తుప్పు భయానికి వర్షాకాలం ముందు ఫ్రేము ట్యూబుల లోపలికి రస్ట్ ప్రూఫ్ ఆయిల్ కొట్టించండి. ఆ డబ్బాలు మీ షాపు అరల్లోనే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: ఈ ట్యూబుల గోడ మధ్యలో మిల్లీమీటరు కూడా ఉండదు. ఎప్పుడైనా పగిలితే ట్రాలీలు అతికే వెల్డర్‌కి ఇవ్వకండి, కట్టినాయనకే పంపండి. దేశంలో కట్టించుకుంటే దొరికే సుఖం అదే.

విదేశీ కొటేషన్‌లో "పన్నులు అదనం" అన్న రెండు ముక్కలే నాకు బాగా భయం. కస్టమ్స్ సుంకం సైకిల్ ధర మీదే కాదు, రవాణా, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. దానికి తోడు సెస్సో సర్‌చార్జో, వీటన్నిటి మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద జీఎస్టీ. సగం అడ్వాన్సు ఇచ్చి తొమ్మిది నెలలు ఆగితే, మిగతా సగం ఆ రోజు డాలర్ రేటుకి కట్టాలి. క్రెడిట్ కార్డుతో కడితే చాలా కార్డులు మూడున్నర శాతం దాకా మార్కప్ తీసుకుంటాయి. ఇవన్నీ కలిసేసరికి సైకిల్ గుమ్మంలో దిగే ధర ఎంతో మీకూ తెలియదు, కట్టేవాడికీ తెలియదు.

మీ ఆవిడ మాటకి వస్తే, "రెండు బుల్లెట్లు" అన్నది లెక్క ప్రకారం దాదాపు సరిపోతుంది. "వెనక నేనైనా కూర్చుంటాను" అన్నదానికి నా దగ్గర లెక్క లేదు, అది మీరు చూసుకోవాల్సిందే.

కానీ ఆవిడ అడగాల్సింది, అడగనిది ఇంకొకటి ఉంది. ఇంట్లో నలుగురికి ఒక్క ఆరోగ్య బీమా పాలసీ లేదు. పాత ఎల్ఐసీ పాలసీలకు నెలకు 6,000 కడుతున్నారు గానీ, ఆసుపత్రి బిల్లుకి ఏమీ లేదు. ఘాట్ మలుపులో కంకర మీద టైరు జారితే కోరాపుట్ మెడికల్ కాలేజీ దగ్గర్లోనే ఉంది. పెద్ద ఆపరేషన్ అంటే మాత్రం మీవాళ్లంతా విశాఖకే పరుగెత్తుతారు. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీకి మీ వయసులకి ఏడాదికి 25,000 నుంచి 30,000 దాకా అనుకోండి. 2025 సెప్టెంబరు నుంచి ఇలాంటి పాలసీల మీద జీఎస్టీ లేదు. జబ్బులకు మొదటి ముప్ఫై రోజులు క్లెయిమ్ ఉండదు, ప్రమాదానికి మాత్రం మొదటి రోజు నుంచే ఉంటుంది. ఫోర్క్ మార్చే ముందే ఈ పాలసీ తీసుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తీసుకుంటే, పోటీలకు, సాహస క్రీడలకు వర్తించదనే షరతు ఉందేమో చదవండి. మీరు పందేలకు వెళ్లరు కదా, ఆ ముక్క ఏజెంటుకి రాతలో చెప్పండి.

ఇప్పుడు నెల లెక్క. 90,000లో ఇంటి ఖర్చు 46,000, చీటీ 20,000, ఎల్ఐసీ 6,000. మిగిలేది 18,000. ఆరోగ్య బీమాకి నెలకు 2,300 చొప్పున తీసి పక్కన పెట్టండి. 5,000 అత్యవసర నిధికి. ఇంకొక 10,000 మీ ఆవిడకి తెలిసేలా, వేరే రికరింగ్ డిపాజిట్‌లో సైకిల్ పేరు మీద వేయండి. 6.5 శాతం వడ్డీ అనుకుంటే పదిహేడు నెలలకు అసలు, వడ్డీ కలిపి 1,78,000 వస్తుంది. స్టీల్ సైకిల్ అక్కడికి వచ్చేస్తుంది. షాపుకి గిరాకీ లేని నెలలో ఆ పదివేలు వేయలేకపోతే సైకిల్ ఒక నెల ఆలస్యమవుతుంది, అంతే. సీజన్ బాగా ఉందని రెట్టింపు వేయాలనిపిస్తే మాత్రం ముందు సీసీ బ్యాలెన్స్ చూడండి.

డబ్బు పోగయ్యాక అడ్వాన్సు ఇచ్చే ముందు కట్టేవాడి దగ్గర కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకోండి. డ్రాయింగ్ మీద మీ సంతకం పడకముందు మానుకుంటే ఎంత తిరిగి ఇస్తాడు, ఆలస్యమైతే ఏమిటి, వెల్డింగ్‌కి గ్యారంటీ ఎన్నేళ్లు. మరలతో బిగించే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే భాగం), 27.2 మిల్లీమీటర్ల సీట్ పోస్ట్, కేబుల్‌తో నడిచే డిస్క్ బ్రేకు అడగండి. మీరు స్పేర్ పార్టుల వ్యాపారి కాబట్టి కారణం విడమరచక్కర్లేదు. ఒకే కంపెనీ చేసే విడిభాగం కోసం కొరియర్ ఎదురుచూసే రైతు ముఖం మీరు రోజూ కౌంటర్ అవతల చూస్తూనే ఉంటారు.