అల్లరి అని రాసే ముందు పుట్టింటి వైపు అడుగు

చి. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు జగిత్యాల డీఈఐసీలో, అదే ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని చూసే జిల్లా కేంద్రంలో, సైకాలజిస్టుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు పొంగిపోయాను. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంగన్‌వాడీల నుంచి, బడుల నుంచి పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం ఆర్‌బీఎస్‌కే వాళ్లు పంపే పిల్లలు నీ గది ముందు బారులు తీరతారు. ఒక్కొక్కరికి పావుగంట దొరికితే గొప్ప. ఆ హడావుడిలో నువ్వు రాసిన మాట ఆ పిల్లవాడి ఫైల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నా టెన్షనంతా దాని గురించే.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. వినికిడి పరీక్ష కాకుండా ఆటిజం అని రాయకు. కళ్లు, థైరాయిడ్, రక్తహీనత చూడమను. క్లాసులో ఉన్నట్టుండి కాసేపు అలా చూస్తూ ఉండిపోయే పిల్లకి శ్రద్ధ లేదనకు, అది మూర్ఛ కావొచ్చు, మెదడు పనితీరు చూసే ఈఈజీకి పంపు. నాలుగేళ్లొచ్చినా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచే మగపిల్లాడిది బద్ధకం కాదు, కండరాల జబ్బుని పట్టిచ్చే సీపీకే రక్తపరీక్ష చేయించమని పిల్లల డాక్టరుకి రాయి. ప్రతి పిల్లవాడికీ తల చుట్టుకొలత నువ్వే తియ్యి.

ఇది ప్రవర్తన సమస్యా, జన్యు సమస్యా అని తల్లిదండ్రులు అడుగుతారు. డాక్టర్లూ అడుగుతారు. అవి రెండు వేరు వేరు అరలు కావమ్మా. ఆటిజం, ఏడీహెచ్‌డీ (కుదురు, శ్రద్ధ లేకపోవడం) అన్నవి పిల్లవాడు ఎలా ఉన్నాడో చెప్తాయి, ఎందుకలా ఉన్నాడో చెప్పవు. జ్వరం అని రాసి, మలేరియానో టైఫాయిడో చూడకుండా పంపేస్తామా? ఆటిజం కొలిచే ఇసా పట్టికలో 40 అంశాలకీ మార్కులు వేసి, 70 వచ్చిందని ఆటిజం తేల్చాక కూడా దాని వెనక ఫ్రజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బు ఉండొచ్చు, చర్మం మీద మచ్చలతో బయటపడే ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే ఇంకో జన్యు జబ్బు ఉండొచ్చు. అందుకే ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్ల మచ్చలున్నాయేమో చొక్కా తీసి చూడమంటాను.

ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. పేరూ ఊరూ రాయను. మూడేళ్లప్పుడు వాణ్ని ఒక ప్రైవేటు సెంటర్‌కి తీసుకెళ్లారు. మాటలు ఆలస్యం, కుదురు లేదు, కోపమొస్తే తన చేతినే కొరుక్కునేవాడు. హైపర్ అన్నారు. గారాబం ఎక్కువైందన్నారు, టీవీ ఆపమన్నారు. వాళ్లు టీవీ అమ్మేశారు. తల్లి ఉద్యోగం మానేసింది. అత్తగారు లేచింది మొదలు పెంపకాన్ని తిట్టిపోసేది. ఐదేళ్లప్పుడు ఎవరో చెప్తే అప్పు చేసి, జన్యువుల్లోని ముఖ్య భాగాలు చదివే ఎక్సోమ్ పరీక్ష చేయించారు. నార్మల్ అని వచ్చింది. ‘జీన్స్‌లో ఏమీ లేదు, ధైర్యంగా రెండో బిడ్డని కనండి’ అన్నారట. మా దగ్గరికి వచ్చేసరికి వాడికి ఏడేళ్లు. ఒళ్లో తమ్ముడికి ఏడాదిన్నర దాటింది, వాడికీ మాట లేదు.

పెద్దవాణ్ని పలకరించి చెయ్యి చాపాను. వాడూ చాపాడు, కానీ మొహం, ఒళ్లు మొత్తం గోడవైపు తిప్పేసి. అరచెయ్యి చాలా మెత్తగా ఉంది, వేళ్లు ఎటు వంచితే అటు వంగుతున్నాయి. బొటనవేలి మొదట్లో కొరికి కొరికి కాయ కట్టింది. చెవులు పెద్దవి. నేను చూపు తిప్పుకున్న కాసేపటికి వచ్చి నా కుర్చీకి ఆనుకుని నిలబడ్డాడు. మనుషులు అక్కర్లేని పిల్లవాడు కాదు వాడు. చూపుకి చూపు తగిలితే తట్టుకోలేడు, అంతే.

అత్తగారిని బయట కూర్చోమని తల్లితో మాట్లాడాను. మీ నాన్నగారెలా ఉన్నారమ్మా అంటే, అరవై దాటాక చేతులు వణుకుతున్నాయి, కాఫీ గ్లాసు పట్టుకోలేరు, నడిస్తే తూలుతున్నారు అంది. అక్కకి ముప్ఫై ఆరేళ్లకే నెలసరి ఆగిపోయింది, పిల్లల్లేరు. తాత చీటీ ఒక ఆసుపత్రిలో, పెద్దమ్మ చీటీ ఇంకో ఆసుపత్రిలో, మనవడి చీటీ మరో చోట. ఆ ముగ్గురినీ ఒక్క కాగితం మీద పెట్టిన వాళ్లు లేరు.

ఆ ముగ్గురినీ కలిపేది ఎక్స్ క్రోమోజోము మీద ఉండే ఎఫ్ఎంఆర్1 అనే జన్యువు. అందులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. మామూలుగా 45 లోపే. 55 నుంచి 200 దాకా ఉంటే వాహకులు, అంటే లోపాన్ని మోసేవాళ్లు: వాళ్లలో కొందరు మగవాళ్లకి పెద్ద వయసులో వణుకు, కొందరు ఆడవాళ్లకి నలభైలోపే నెలసరి ఆగిపోవడం. తండ్రి అది కూతుళ్లందరికీ ఇస్తాడు. కూతురి నుంచి బిడ్డకి వెళ్లేటప్పుడు పెరిగి 200 దాటితే జన్యువు మూతపడుతుంది, ఫ్రజైల్ ఎక్స్ వస్తుంది. ఆ ముక్కలు ఎన్నున్నాయో మామూలు ఎక్సోమ్ లెక్కపెట్టలేదు. దానికి వేరే పరీక్ష ఉంది, ఎక్సోమ్‌తో పోలిస్తే చాలా చవక. అది మొదటే చేయించి ఉంటే రెండో గర్భంలో మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవాలో వద్దో ఆ తల్లి ఆలోచించుకునేది. తమ్ముణ్ని వద్దనుకునేదని కాదు. వాడంటే ఆమెకి ప్రాణం. కానీ తెలిసి కనడం వేరు, ఏమీ లేదని ఎవరో చెప్తే నమ్మి కనడం వేరు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. అన్నేళ్లలో ఆమెని పుట్టింటి గురించి పది నిమిషాలు కూర్చోబెట్టి అడిగిన వాళ్లే లేరు.

మన దగ్గర జన్యువు అనగానే మేనరికమా అని అడుగుతారు, కాదంటే ఆపేస్తారు. మేనరికంలో ఇద్దరి నుంచీ ఒకే లోపం రావాల్సిన జబ్బులు ఎక్కువ: ఫీనైల్‌కీటోన్యూరియా, శాన్‌ఫిలిప్పో లాంటివి. ఫ్రజైల్ ఎక్స్‌కి మేనరికంతో పని లేదు. అందుకే మూడు తరాల కుటుంబ పటం గీయి. తల్లి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కొడుకులు, పోయిన పసిపిల్లలు, నిలవని కడుపులు, అన్నీ.

ఇంకొకటి తప్పకుండా అడుగు: వచ్చిన విద్య ఏదైనా పోయిందా? ఏడాది దాకా బాగున్న ఆడపిల్ల చేతులతో బొమ్మ పట్టుకోవడం మానేసి చేతులు నులుముకుంటూ కూర్చుంటే రెట్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. మూడు నాలుగేళ్ల పిల్లవాడికి ఉన్న మాటలు తగ్గుతూ, అల్లరి పెరుగుతూ, రాత్రి నిద్ర లేక, మాటిమాటికీ చెవి చీము, మొహం మొరటుగా మారుతుంటే అది ఏడీహెచ్‌డీ అని సర్దుకోకు, శాన్‌ఫిలిప్పో కోసం చూడమని రాయి. పసితనంలో పాలు పీల్చలేనంత మెత్తగా ఉండి, తర్వాత వంటింటికి తాళం వేయాల్సినంత ఆకలి అంటే ప్రాడర్ విల్లీ. అది తిండిపోతుతనం కాదు. నువ్వు వీటిని తేల్చనక్కర్లేదు, అనుమానం రాసి నిమ్స్ జెనెటిక్స్ విభాగానికి పంపితే చాలు. రిపోర్టు వచ్చేదాకా థెరపీ మాత్రం ఆపకు. ఒక్క వారం కూడా.

అలాగని ప్రతి అల్లరి వెనకా జన్యువుని వెతక్కు. నీ జిల్లాలో తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. నాన్న విమానం ఎక్కిన నెల నుంచి పక్క తడుపుతూ చెల్లెల్ని కొడుతున్న పిల్లవాడికి క్రోమోజోముల్లో తేడాలు వెతికే మైక్రోఅర్రే పరీక్ష ఎందుకు? వాడికి వీడియో కాల్‌లో నాన్న కావాలి, బడిలో కొట్టని టీచరు కావాలి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఎక్కువ, ఎవరి దగ్గర తగ్గుతుంది, ఇవి అడిగితే సగం దారి తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ నువ్వు ప్రశ్న పూర్తవకముందే జవాబు చెప్పేదానివి. క్లాసులో ఫస్టు రావడానికి అది పనికొచ్చింది. ఇక్కడ పనికిరాదు. తల్లి చెప్తుంటే మధ్యలో ఆపావని తెలిస్తే నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

నాకు అన్నిటికన్నా భయం వరండాలో చెప్పే మాట. ‘మీ కోడలి వైపు నుంచి వచ్చింది’ అని ఎవరో నోరు జారితే ఒక అమ్మాయి బిడ్డతో సహా పుట్టింటికి చేరడం నేను చూశాను. తలుపు వేసి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, వీటిని ఎవరూ ఎంచుకుని ఇవ్వరని ముందు చెప్పి, తర్వాత మిగతాది చెప్పు. ఆమె చెల్లెళ్లకి తెలియాల్సింది ఆమే చెప్పుకునేలా సాయం చెయ్యి, నువ్వు చెప్పకు.

మధ్యాహ్నం తిండి మానకు బంగారం, ఖాళీ కడుపుతో వినే ఓపిక ఉండదు. చేరిన మొదటి నెలలో గీసిన కుటుంబ పటాల్లో నీకు అర్థం కానివి పేర్లు లేకుండా రాసి పెట్టుకో. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, ఒక్కొక్కటీ చదువు.

మీ పెద్దమ్మ