ట్యూనా వేటకు బయలుదేరుతున్న మా అబ్బాయికి

చిరంజీవి శ్రీకర్‌కు,

పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే శుక్రవారం రాత్రి నువ్వూ, మీ ఆఫీసు స్నేహితులూ కలిసి శాన్ డియాగోలోని పాయింట్ లోమా రేవు నుంచి ఒకటిన్నర రోజుల ట్యూనా వేటకు వెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. ఈ సముద్రం పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చినవాణ్ణి కాబట్టి, ఆ మాట వినగానే ఎంత పొంగిపోయానో నీకు చెప్పలేను. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడమూ అంతే నిజం. అందుకని ఈ ఉత్తరంలో కొంత చాదస్తం ఉంటుంది, ఓపిక పట్టి చదువు.

ముందుగా కాగితాల సంగతి. చేప ఎక్కడ కనిపిస్తే కెప్టెన్ అక్కడికే వెళ్తాడు. అది శాన్ క్లెమెంటే దీవి వైపు కావచ్చు, మెక్సికో జలాలు కావచ్చు. అందువల్ల కాలిఫోర్నియా ఫిషింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు రెండూ వెంట ఉండాలి. మెక్సికో పర్మిట్ టికెట్టులోనే కలిసి ఉందో లేదో బుకింగ్ ఆఫీసులో అడిగి తెలుసుకో. మీ వాళ్ళలో హెచ్-1బి మీద ఉండి, వీసా స్టాంపు గడువు తీరినవారెవరైనా ఉంటే, కంపెనీ లాయరును అడగకుండా ఆ బోటు ఎక్కవద్దని గట్టిగా చెప్పు.

రాడ్డు, రీలు కొనవద్దు, రేవులోనే అద్దెకు ఇస్తారు. పగటికి 40 పౌండ్ల బరువు ఆపే లైను (గేలపు దారం) ఉన్నది ఒకటి, రాత్రికి 100 పౌండ్లది ఒకటి తీసుకుంటే చాలు. వాంతుల మాత్ర శుక్రవారం బోటు ఎక్కకముందే వేసుకో, ఎందుకంటే వాంతి మొదలయ్యాక మింగిన మాత్ర నేరుగా సముద్రంలోకే పోతుంది. వేసవిలో కూడా తెల్లవారుజామున డెక్కు మీద చలి కొరుకుతుంది కాబట్టి స్వెట్టరు, వాన కోటు, జారని రబ్బరు బూట్లు పెట్టుకో. మీ అమ్మ కట్టిచ్చే పులిహోర తీసుకెళ్ళవచ్చు గానీ అరటిపళ్ళు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యి. అరటిపండు లేనిదే మనకు శుభకార్యమే లేదు. అమెరికా జాలర్లకు మాత్రం పడవ మీద అరటిపండు కనిపిస్తే అపశకునం. చేప పడకపోతే ఆ నింద రోజంతా మీ నెత్తినే ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది నవ్వులాటగా తీసుకోకు. 2019 సెప్టెంబరు 2న తెల్లవారుజామున, ఇదే దక్షిణ కాలిఫోర్నియా తీరంలో, శాంటా క్రూజ్ దీవి దగ్గర లంగరు వేసి ఉన్న కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడి 34 మంది పోయారు. అందరూ కింది అంతస్తులో బంకుల (పడక బల్లల) మీద పడుకున్నవారే. పైకి రావడానికి రెండు దారులున్నా రెండూ మంటలున్న గదిలోకే తెరుచుకున్నాయి. రాత్రంతా మేలుకొని గస్తీ తిరగవలసిన మనిషి లేడని విచారణలో తేలింది. మంటలు ఎలా పుట్టాయో కచ్చితంగా తేలలేదు గానీ, ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీల మీద అనుమానాలు వచ్చాయి. ఆ వార్త చదివిన నాటి నుంచి ఏ పడవ ఎక్కినా నేను ముందు చేసే పని ఒక్కటే: సంచి బంకు మీద పడేసి, బయటికి వచ్చే మెట్లు ఎక్కడున్నాయో, అత్యవసర ద్వారం ఎక్కడ తెరుచుకుంటుందో చూసుకుని, ఆ దారిన ఒకసారి చీకట్లో తడుముకుంటూ నడిచి చూస్తాను. పక్క బంకువాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. నువ్వూ అదే చెయ్యి, మీ వాళ్ళందరి చేతా చేయించు. ఫోన్లు, పవర్ బ్యాంకులు కింద ఛార్జింగుకు పెట్టి ఎవరూ పడుకోవద్దు. రాత్రి గస్తీ ఎవరిదని సిబ్బందిని అడుగు. మంచి పడవ అయితే ఆ ప్రశ్నకు ఎవరూ విసుక్కోరు.

చీకట్లో ఒంటరిగా డెక్కు మీదికి వెళ్ళవద్దు. కడుపులో తిప్పినా సరే, ఒకరిని లేపి తోడు తీసుకెళ్ళు. మగవాళ్ళు కొందరు బద్ధకించి రెయిలింగు దగ్గరే నిలబడి మూత్రానికి పోతుంటారు; ఆ పని నువ్వు చేశావని తెలిస్తే నేను ఊరుకోను. పడవ పన్నెండు నాట్ల (గంటకు సుమారు 22 కిలోమీటర్ల) వేగంతో సాగుతుండగా రాత్రిపూట జారి పడ్డవాణ్ణి ఎవరు చూస్తారు?

ఇక వేట. బోటు రేవు దాటకముందే అఖాతంలో ఎర దొరికే తెప్పల దగ్గర ఆగి, బతికున్న సార్డీన్లను (ఎరగా వాడే చిన్న చేపలను) ట్యాంకుల నిండా నింపుకుంటుంది. ఎర బాగుంటే సగం వేట అయిపోయినట్టే. ట్యాంకులో నుంచి పొలుసు రాలనిది, ముక్కు ఎర్రబడనిది, చేతికి అందకుండా తప్పించుకునేది ఏరుకో. తడి చేత్తో పట్టుకో, నలపవద్దు. గేలాన్ని ముక్కు దగ్గర అడ్డంగా గుచ్చి నీళ్ళలోకి వదిలి, రీలు మీద బొటనవేలు ఆనీ ఆనకుండా ఉంచి, సార్డీను ఎటు ఈదితే అటు లైను వదులుతూ ఉండు. ఉన్నట్టుండి లైను సర్రున పరుగెత్తుతుంది. అప్పుడు రాడ్డును గుంజవద్దు. మనసులో అయిదు లెక్కపెట్టి రీలు లివరు పైకి తోస్తే, వలయంలా వంగిన గేలం తనంతట తానే చేప నోటి మూలకు పట్టుకుంటుంది. తొందరపడి గుంజినవాడికి దక్కేది ఖాళీ గేలమే.

చేప పడ్డాక చెయ్యవలసింది ఒక్కటే, అది ఎటు పోతే నువ్వూ అటు నడవడం. లైను ఎప్పుడూ నీ ఎదురుగా తిన్నగా ఉండాలి. ఇంకొకరి లైను అడ్డం వస్తే నీ రాడ్డును దాని కింది నుంచో పైనుంచో దాటించాలి. కిందినుంచా పైనుంచా అని డెక్కు మీద పనిచేసే కుర్రాడు, అంటే డెక్‌హ్యాండ్ అరిచి చెబుతాడు. ఈ అరుపు సంగతే నీకు వివరంగా చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట మా తెలుగు మిత్రులం కొందరం ఇలాగే వెళ్ళాం. మాలో ఒకాయన పెద్ద హోదాలో ఉన్నవాడు, ఆయన కింద ఎంతోమంది పనిచేసేవారు. తెల్లవారాక పడిన మొదటి చేప ఆయనకే పడింది. వెనకవైపు మూలన నిలబడి ఉన్నాడు. ఆ ట్యూనా పడవ పక్కనుంచి ముందువైపుకు దూసుకుపోయింది. ఆ పాటికి కుడివైపున మరో నలుగురికి చేపలు తగిలి ఉన్నాయి. ఇరవై ఏళ్ళు కూడా నిండని ఒక డెక్‌హ్యాండ్ కుర్రాడు, "కదులు, చేప వెంట వెళ్ళు!" అని గొంతు చించుకుని అరిచాడు. మావాడు కదలలేదు. రెండోసారి భుజం పట్టుకుని తోశాడు. అంతే, మావాడికి ఎక్కడ లేని ఆత్మగౌరవం గుర్తుకొచ్చింది. చేతిలో రాడ్డు వంగి ఉండగానే వెనక్కి తిరిగి, తనతో ఎలా మాట్లాడాలో ఆ కుర్రాడికి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. డబ్బు కట్టి వచ్చాననీ, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అనీ. ఆ ప్రసంగం ఎంతసేపో సాగలేదు. ఆయన లైను వరసగా మిగతా లైన్ల మీద అడ్డంగా రాచుకుంటూ పోయింది. బిగిసి ఉన్న లైను మీద ఇంకో లైను రాసుకుంటే రంపం వేసినట్టే తెగుతుంది. టప్, టప్ మని ఒకదాని తర్వాత ఒకటి తెగుతున్న చప్పుడు నేను ఎదురుగా నిలబడి విన్నాను. తెగినవాటిలో ఒకటి, చాలాసేపటి నుంచి పెనుగులాడుతూ చేపను దాదాపు గాఫ్ (చేపను పైకి లాగే కొక్కెం కర్ర) అందే దూరానికి తెచ్చుకున్న ఒక ముసలాయనది. ఆయన ఒక్క మాట అనలేదు. రాడ్డును స్టాండులో పెట్టి, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా బల్ల వైపు ఎవరూ చూడలేదు. మేము తెచ్చిన పెరుగన్నం మేమే తిన్నాం.

తిట్లు తిన్న ఆ కుర్రాడే సాయంత్రం వచ్చి, మావాడికి కొత్త లీడరు (గేలం దగ్గరి చివరి దారం) కట్టి, సార్డీను గుచ్చి ఇచ్చి, పక్కనే నిలబడి ఒక ఎల్లోఫిన్ ట్యూనాను పట్టించాడు. మావాడు ఈనాటికీ ఆ సంగతి చెప్పవలసి వస్తే, ఆ రోజు లైను నాసిరకమని చెబుతాడు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానో నీకు తెలుసు. అక్కయ్య పెళ్ళిలో వంటమనిషి గొంతు పెంచి మాట్లాడాడని, పదేళ్ళవాడివి, ఆ పూటంతా అన్నం ముట్టకుండా మేడ మీద కూర్చున్నావు. నేను పైకి వచ్చి బతిమాలితే రెండు పూర్ణాలు మాత్రం తిన్నావు. నీ కోపం ముక్కు మీదే ఉంటుంది, అది మా నాన్నగారి నుంచి వచ్చింది, నీ తప్పు కాదు. అయితే ఆ పడవ మీద డెక్‌హ్యాండ్ అరిచాడంటే గౌరవం లేక కాదు. పక్కన ఇంజను మోత, గాలి హోరు, ఒకేసారి పదిమందికి పడిన చేపలు; మెల్లగా చెబితే ఎవరికీ వినిపించదు. అరిచాడా, ముందు కదులు, తర్వాత అడుగు. దిగేటప్పుడు టికెట్టు ధరలో 15 నుంచి 20 శాతం సిబ్బందికి ఇవ్వడం ఇక్కడి మర్యాద. పదిమందీ ముందే పోగుచేసి పెట్టుకోండి.

రాత్రిపూట బ్లూఫిన్ (పెద్ద ట్యూనా రకం) తగిలితే పని వేరు. కెప్టెన్ సోనారులో (నీటి కింద చేపలను చూపే యంత్రంలో) చూసి లోతు చెబుతాడు. చీకట్లో మెరిసే బరువైన బొమ్మ ఎరను, అంటే జిగ్‌ను రెండు మూడు వందల అడుగులు దించి ఆడించాలి. ఈ తీరంలో 100 పౌండ్లు దాటిన బ్లూఫిన్ వింతేమీ కాదు. లైనును ఎన్నడూ చేతికి చుట్టుకోకు. నీవల్ల కాకపోతే రాడ్డు పక్కవాడికి ఇవ్వు, అందులో చిన్నతనం లేదు. మన విశాఖ దగ్గరి పూడిమడక జాలర్లు చిన్న ఫైబరు పడవల్లో వెళ్ళి, గేలం వేసి, చేతి లైనుతోనే సూర చేపను (ట్యూనానే) లాగుతారు. వాళ్ళు కూడా ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకుంటారు.

ఒక్కొక్కరు రోజుకు 2 బ్లూఫిన్లకు మించి ఉంచుకోకూడదు. 2015కు ముందు 10 దాకా ఉండేది, చేప తగ్గిపోవడంతో కుదించారు. ఈ చేప జపాను వైపు సముద్రాల్లో పుట్టి, పసితనంలోనే పసిఫిక్ దాటి ఇక్కడికి వచ్చి, కొన్నేళ్ళు పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ అక్కడికే పోతుంది. మన పిల్లల కంటే నయం.

పట్టిన చేప రక్తం వెంటనే తీయించి, చల్లటి నీళ్ళ ట్యాంకులోకి వెళ్ళేదాకా చూసుకో. ట్యూనా ఒళ్ళు చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంటుంది. వేడి దిగకపోతే అందులో హిస్టమిన్ అనే చెడు పదార్థం పుడుతుంది, ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాళ్ళకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. కారులో పెద్ద ఐసుపెట్టె, దాన్నిండా ఐసు సిద్ధంగా ఉంచు. బోటు మీద ముక్కలు కోయించినప్పుడు తోలు తీయించవద్దు. ఏ జాతి చేపో అధికారులు గుర్తుపట్టడానికి అది ఉండాలని నిబంధన.

చేపలు సమంగా పంచుకుంటారా, ఎవరు పట్టినది వారిదేనా అన్నది బోటు ఎక్కకముందే మాట్లాడుకోండి. రేవులో దిగాక ఆ మాట ఎత్తితే స్నేహాలు చెడతాయి. మా వాటా సంగతి మీ పెద్దమ్మ నీకు విడిగా ఫోను చేసి చెబుతుంది. ఆమెకు పులుసులోకి పొట్ట భాగమే కావాలట.

ఇట్లు,
నీ పెదనాన్న