రేకుల షెడ్డుకు తారు షీటు అతికిస్తే కారడం ఆగుతుందా?

ఇంటి వెనక సిమెంటు రేకుల షెడ్డు కారుతోంది, తారు రోల్ షీటు తెచ్చి మనమే అతికించుకోవచ్చా అని కదా మీరడిగింది. అతికించుకోవచ్చు. కానీ షీటు కొనే ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తేల్చుకోండి. హైదరాబాదులో లీకేజీల మీద పెట్టే డబ్బులో సగం తప్పు చోటే పోతుందని నా గట్టి నమ్మకం.

మా షెడ్డులో సరిగ్గా పాత స్కూటరు సీటు మీద బొట్లు పడేవి. మా బావమరిది దాని నెత్తినే తారు పూసి పోయాడు. మళ్లీ కారింది. చివరికి పాలమూరు మేస్త్రి ఒకాయన్ని పిలిచాను. ఆయన షీటు మాటే ఎత్తలేదు. నన్ను లోపల నిలబెట్టి, నిచ్చెన ఎక్కి, కింది అంచు నుంచి మొదలుపెట్టి చెంబుతో కొద్దికొద్దిగా పైకి నీళ్లు పోసుకుంటూ వెళ్లాడు.

"సారూ, పడ్తున్నయా?"

"లేదు."

"ఇప్పుడు?"

స్కూటరుకి సరిగ్గా పైన పోస్తే చుక్క రాలేదు. ఎక్కడో గోడ దగ్గర బోల్టు మీద పోయగానే నీళ్లు రేకు అడుగునే జారుకుంటూ వచ్చి సీటు మీద పడ్డాయి. బోల్టు వాషరు ఎండకి పొడైపోయింది. పక్కనే సన్నటి పగులు. సంక్రాంతికి తెగిన పతంగి కోసం ఏ పిల్లాడో ఎక్కి ఉంటాడు. రేకులు విరిగి పిల్లలు కింద పడతారన్న భయం ఆ తల్లిదండ్రులకు ఉండదా అసలు?

ముందు వాషర్లు మార్చి, తర్వాతే షీటు వేశాం. గ్యాస్ మంటతో కరిగించి అతికించే రకం వద్దు. అది స్లాబుకు బాగుంటుంది, సిమెంటు రేకు మంట వేడికి పగిలిపోవచ్చు. వెనక ఫిల్మ్ ఒలిచి అతికించే రకం, పైన అల్యూమినియం పొర ఉన్నది తీసుకోండి. నల్లది మన మే నెల ఎండకి తొందరగా పాడవుతుంది. సికింద్రాబాదులో రాణిగంజ్ వైపు దొరుకుతుంది. "పదేళ్ల గ్యారంటీ" అని షాపువాడు చెప్పేది మాత్రం వినకండి, రాసిమ్మంటే నవ్వేస్తాడు.

పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు బ్రష్షుతో గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు కట్టుకుని, తడిపి, మెల్లగా తుడవండి. పూర్తిగా ఆరాక ప్రైమర్ పూసి, షీటు కింది అంచు నుంచి పైకి వేసుకుంటూ రండి. పై ముక్క కింది ముక్క మీదికి 10 సెంటీమీటర్లయినా ఎక్కాలి. కింది ముక్కను పై ముక్క మీదికి ఎక్కిస్తే నీళ్లను మీరే లోపలికి పంపినట్టు. రేకు గాడుల్లోకి షీటును వేళ్లతో నొక్కాలి, గాలి మిగిలితే అక్కడే ఊడుతుంది. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు. బోల్టుల వరుస కిందే ఇనుప పైపు ఉంటుంది కాబట్టి రెండు వరుసల మీదికీ వచ్చేలా చెక్క పలక వేసి దాని మీదే కూర్చోండి.

ఇవన్నీ ఫిబ్రవరి, మార్చిలో చేయాల్సిన పనులు. మన వాళ్లకి కప్పు గుర్తొచ్చేది మృగశిర కార్తె నాడు, నాంపల్లిలో చేప మందు క్యూలు టీవీలో చూసినప్పుడు. అప్పుడు ఏ మేస్త్రీ ఫోనెత్తడు, ఎత్తినా తడి రేకు మీద ఏ షీటూ అంటదు. ఈ లోపు వాన పడితే టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టేయండి. రేకు చాలా చోట్ల పగిలి ఉంటే ఇదంతా అనవసరం, రేకే మార్చేయండి. పాతదాన్ని మాత్రం పగలగొట్టకుండా దించమనండి.