సెలక్షన్ల ముందు కండ సంగతి తెలుసుకో

అల్లుడూ,

కానిస్టేబుల్ సెలక్షన్లకి ప్రాక్టీసు మొదలెట్టావని, రెండు పూటలా జిమ్ముకి వెళ్తున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. మన విజయనగరం వైపు పిల్లల చేత బరువులు ఎత్తిస్తూనే ఇంత వయసొచ్చినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

నువ్వు అద్దంలో చూసుకుంటున్నది ఒంట్లో ఉన్న మూడు రకాల కండరాల్లో ఒక్క రకమే. ఎముకల్ని పట్టుకుని మనం చెప్పినట్టు కదిలే ఈ కండరాలు 600కి పైగా ఉంటాయి. మైక్రోస్కోపు కింద వీటికి అడ్డచారలు కనిపిస్తాయి. రెండో రకానికి చారలుండవు. పొట్ట, పేగులు, రక్తనాళాల గోడల్లో ఉండే ఆ నునుపు కండరం నెమ్మదిగా ముడుచుకుంటుంది, అంత తేలిగ్గా అలవదు, మన మాట వినదు. తిన్న వెంటనే పరిగెత్తితే కడుపులో పట్టేసేది ఎందుకనుకున్నావు? పేగులకీ కాళ్లకీ ఒకేసారి రక్తం కావాలి. భోజనానికీ పరుగుకీ మధ్య రెండు మూడు గంటలు వదులు.

మూడోది గుండె కండరం. చారలున్నా మన అదుపులో ఉండదు. రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. తొడ కండ దెబ్బతింటే చాలావరకు మళ్లీ కోలుకుంటుంది. గుండె కండరం చచ్చిపోతే ఆ చోట మచ్చే మిగులుతుంది. జిమ్ములో ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకో, నెలలో కండలొస్తాయి అంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్. అది గుండె గోడల్ని మందం చేసి పాడుచేస్తుంది. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

ఇక నీ పరీక్ష సంగతి. 100 మీటర్లు వేరు, 1600 మీటర్లు వేరు. కండలో వేగంగా లాగే పోగులు కొన్ని, నిదానంగా చాలాసేపు లాగే పోగులు కొన్ని ఉంటాయి. మొదటివి బలమైనవే గానీ కొద్దిసేపట్లో అలిసిపోతాయి. రెండోవి ఆక్సిజన్‌తో పనిచేస్తాయి, ఎర్రగా ఉంటాయి, ఓర్పు వాటిది. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ (ఒక్క ఊపున నెత్తి మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత నెత్తి మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అదంతా వేగపు పోగుల బలం. అలాంటి బరువులు ఎంత ఎత్తినా 1600 గట్టెక్కవు. వారంలో మూడు రోజులు మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నిదానంగా ఎక్కువ దూరం వెళ్లు. ఒకటి రెండు రోజులు పొట్టి పరుగులు పూర్తి వేగంతో తియ్యి, ఒక్కోదాని తర్వాత బాగా ఊపిరి తీసుకుని మళ్లీ మొదలెట్టు.

కండ లాగగలదు, నెట్టలేదు. మోకాలు చాపేది తొడ ముందు కండ, మడిచేది వెనక కండ. కుర్రాళ్లంతా ముందువైపే పెంచుకుంటారు, వంద మీటర్ల దగ్గర తొడ వెనక పట్టేసి కూలబడతారు. రెండువైపులా సమానంగా పని పెట్టు. కండకి సాగే గుణం, సాగి మళ్లీ మునుపటిలా అయ్యే గుణం ఉన్నాయి గానీ చల్లగా ఉన్నప్పుడు ఆ పని సరిగా జరగదు. ముందు పది నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కించు.

మొదటి నెల బలం పెరిగినట్టుంటుంది, అద్దంలో తేడా ఉండదు. నరాలు ఎక్కువ పోగుల్ని పనిలోకి పిలవడం అప్పుడే నేర్చుకుంటున్నాయి. దిగులుపడి బరువు పెంచెయ్యకు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకు, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పోగులు మందం అయ్యేది నిద్రలో, తిండితో. అందుకే రెండు పూటలా జిమ్ము వద్దంటున్నాను. ఒకే కండకి కనీసం ఒకరోజు సెలవివ్వు. చోడి (రాగి) అంబలి తాగు, గుడ్లు, పప్పు, చేపలు తిను. డబ్బా పౌడర్లకి డబ్బు తగలెయ్యకు.

మర్నాడు ఒళ్లునొప్పులు మామూలే, రెండు మూడు రోజుల్లో పోతాయి. కానీ మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండ విరిగి రక్తంలో కలుస్తోందని అర్థం, కిడ్నీలకి ప్రమాదం. ఎండలో ఎక్కువగా శ్రమపడ్డ కుర్రాళ్లకి ఇది వస్తుంది. మొహమాటపడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లు, నాకూ ఫోన్ చెయ్యి.

నీ మావయ్య