టెక్ సందేహాలు: కార్డుకి పద్దెనిమిది నిండితే చాలా?

ప్రశ్న: రిటర్న్ విషయమై ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తే, 2024-25 ఫారం 26ఏఎస్‌లో (నా పాన్ మీద కోసిన పన్నుల పట్టీ) ఆన్‌లైన్ గేమ్‌లో గెలిచిన డబ్బు మీద రూ.1,860 టీడీఎస్ కోశారని చూపించారు. నేను పేక ముట్టని మనిషిని. గట్టిగా అడిగితే మా అబ్బాయి ఒప్పుకున్నాడు. అప్పటికి వాడికి 16 ఏళ్లు. 18 దాటినవాళ్లకే అని రాసి ఉంటుంది, కేవైసీ కూడా అడుగుతారు కదా. వీడు ఎలా దూరాడు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వాడు దూరలేదండీ. ఆ యాప్ లెక్కలో లోపలికి వెళ్లింది మీరే.

మీ అబ్బాయి అనేవాడు ఉన్నాడనే దానికి తెలియదు. దాని ముందుకు వచ్చినవి మీ పాన్, మీ ఆధార్, మీ నంబరుకి వచ్చిన ఓటీపీ. ఆ పాన్ నిజంగా ఉందా, పేరూ పుట్టిన తేదీ కలిశాయా, వయసు 18 దాటిందా అని చూసుకుంది. అన్నీ కరెక్టే. ఆధార్‌ని డిజిలాకర్ ద్వారా తెప్పించుకున్నా ఇదే కథ. ఓటీపీ కొట్టి 'అలౌ' నొక్కిన వేలు ఎవరిదో డిజిలాకర్‌కి మాత్రం ఎలా తెలుస్తుంది?

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఇంకొకటి ఉంది. వేసవి సెలవుల్లో బెంగళూరులో బావమరిది ఇంట్లో భోంచేస్తుంటే, మీవాడు ఫోన్ మొహం దగ్గర పెట్టి "నాన్నా, ఇటు చూసి ఓసారి కళ్లు ఆర్పు" అన్నాడని, ఏదో ఫొటో ఫిల్టర్ అనుకున్నానని రాశారు. అదే లైవ్‌నెస్ చెక్. కెమెరా ముందు ఫొటో పెట్టి మాయ చేయకుండా కళ్లు ఆర్పమంటుంది, తల పక్కకి తిప్పమంటుంది. ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనా, కార్డు మీది మొహమేనా అని చూస్తుంది. పప్పన్నం కలుపుతూనే మీరు రెండింట్లో పాసయ్యారు. ఆ తర్వాత రోజూ ఆడుతున్నది ఎవరో అది పట్టించుకోలేదు.

బెంగళూరు కావడమూ వాడికి కలిసొచ్చింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటి డబ్బు ఆటల్ని నిషేధించాయి. అందుకే చాలా యాప్‌లు ఫోన్ లొకేషన్ చూసి ఇక్కడివాళ్లని ఆపేసేవి. కర్ణాటక తెచ్చిన నిషేధాన్ని మాత్రం అక్కడి హైకోర్టు 2022లో కొట్టేసింది. అంటే ఫోన్ ఏ ఊళ్లో ఉందో కనిపెట్టగలిగిన యాప్, అది ఎవరి చేతిలో ఉందో కనిపెట్టలేకపోయింది. 

నికరంగా గెలిచిన మొత్తంలో 30 శాతం టీడీఎస్ కోయాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. 1,860 పోయిందంటే గెలిచింది 6,200. ఖాతా మీ పేరు మీద ఉంది కాబట్టి లెక్కా మీ పాన్ మీదే పడింది. అది రిటర్న్‌లో ఎలా చూపించాలో ఆడిటర్ గారినే అడగండి, వదిలేస్తే నోటీసు రావచ్చు.

ఇక ఫోన్ సంగతి. లాక్ పిన్, యూపీఐ పిన్ రెండూ ఈ రాత్రికే మార్చండి. స్క్రీన్ లాక్‌లో ఉన్నా ఓటీపీ మెసేజ్ పైన కనిపిస్తుంటే ఆ సెట్టింగ్ తీసేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే కింద మీకు తెలియనివి ఏమైనా ఉంటే రద్దు చేయండి. మైఆధార్ పోర్టల్‌లో గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో కనిపిస్తుంది. బయోమెట్రిక్ లాక్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి, అది ఓటీపీని ఆపదు. ముందు వర్చువల్ ఐడీ (ఆధార్ నంబరుకి బదులు వాడే నంబరు) తీసుకుని, తర్వాత ఆధార్ నంబరునే లాక్ చేస్తే ఓటీపీ దారి కూడా మూసుకుంటుంది. ఖర్చులకని మీ ఫోన్ వాడి చేతికి ఇవ్వాల్సి వస్తుంటే యూపీఐ సర్కిల్ పెట్టుకోండి. వాడు తన ఫోన్‌లోంచి చేసే ప్రతి చెల్లింపూ మీరు పిన్ కొడితేనే వెళ్లేలా పెట్టొచ్చు.

ప్రశ్న: టెలిగ్రామ్ లింకు నుంచి ఒక రమ్మీ యాప్ దించుకున్నాను. ఆధార్ రెండు వైపులా, పాన్, కార్డు పట్టుకుని సెల్ఫీ అడుగుతోంది. ఇంత పక్కాగా కేవైసీ చేస్తున్నారంటే లైసెన్స్ ఉన్నదే అయ్యుంటుంది కదా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. వెంటనే తీసేయండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా కూడా ఉంచలేదు. 18 దాటినవాళ్లకే ప్రవేశం అన్న మాటకే ఇక అర్థం లేదు. అలాంటప్పుడు ఈ యాప్ మీ వయసు తెలుసుకుని ఏం చేసుకుంటుంది? దానికి కావాల్సింది కార్డులే. మీ పేరున సిమ్ తీయడానికో, ఎవరి డబ్బో దాటించే ఖాతా తెరవడానికో పనికొస్తాయి. ఇప్పటికే పంపేసి ఉంటే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోండి. డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: యూకేలో ఎంఎస్ చేస్తున్నాను, 24 ఏళ్లు. మ్యాచ్ మీద సరదాగా ఐదు పౌండ్లు పెడదామంటే, ఆ సైట్ వివరాలు సరిపోలలేదంటూ పాస్‌పోర్ట్ అడిగింది. పక్క రూమ్ ఇంగ్లిష్ కుర్రాడికి అర నిమిషంలో అయిపోయింది. ఇదేం వివక్ష?
- ఒక విద్యార్థిని, లీడ్స్

జవాబు: మీ మీద కోపమేం లేదమ్మా, మీ గురించి అక్కడ ఇంకా ఎక్కడా ఏమీ రాసి లేదు, అంతే. వాళ్లు ముందు పేరు, చిరునామా, పుట్టిన తేదీ తీసుకుని క్రెడిట్ ఏజెన్సీల రికార్డులతో, ఓటర్ల జాబితాతో పోల్చి చూస్తారు. ఆ కుర్రాడు అక్కడే పుట్టి పెరిగాడు కాబట్టి బ్యాంకు, ఫోన్ కాంట్రాక్టు, ఓటు అన్నీ ఉంటాయి. మీరు దిగి ఎన్నో నెలలు కాలేదు. పోలిక కుదరకపోతే కాగితం అడుగుతారు.

ముందు ఆడనిచ్చి తర్వాత అడగొచ్చు కదా అంటారేమో. ఒకప్పుడు అలాగే ఉండేది, వయసు తేల్చడానికి 72 గంటలు గడువిచ్చేవారు. ఆ మూడు రోజుల్లో పిల్లలు ఆడేస్తున్నారని 2019 మే 7 నుంచి అక్కడి జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ ఆ గడువు తీసేసింది. వయసు తేలేదాకా డబ్బు వేయనివ్వరు, ఉచిత ఆట కూడా ఆడనివ్వరు. పాస్‌పోర్ట్ పంపేముందు ఆ సైట్ పేరు కమిషన్ రిజిస్టర్‌లో ఉందో లేదో వెతకండి. లేకపోతే పైన హైదరాబాద్ పాఠకుడికి ఇచ్చిన జవాబు మీకూ వర్తిస్తుంది.

చాలామంది మనవాళ్లకి తెలియని సంగతి ఒకటి. భారత్ కామన్‌వెల్త్ దేశం కాబట్టి వీసా మీద అక్కడ ఉంటున్న మీరు కూడా ఓటరుగా నమోదు కావచ్చు. బెట్టింగ్ కోసం కాదు, రేపు ఫోన్ కాంట్రాక్టుకో అద్దె ఇంటికో వెళ్లినప్పుడు మీ పేరు రికార్డులో కనిపిస్తుంది.

ప్రశ్న: ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తున్నాం. కాసినోలో ఐడీ అడుగుతారట. మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందా? మాతో మా తమ్ముడు కూడా వస్తున్నాడు, 20 ఏళ్లు.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మాస్క్‌డ్ ఆధార్‌లో దాచేది నంబరే, పుట్టిన తేదీ కనిపిస్తుంది, కాబట్టి వయసు చూడటానికి ఇబ్బంది లేదు. డ్రైవింగ్ లైసెన్స్ ఒరిజినల్ కూడా జేబులో పెట్టుకోండి. అక్కడ వయసు 18 కాదు, 21. మీ తమ్ముడికి ఆ సాయంత్రం బీచే.